సర్కస్ చూడబోయిన నలుగురు

ఆదివారం పొద్దున్నే లిఫ్టు మెకానిక్ వంటింటి తలుపుకు ఒక కాగితం అతికించాడు. పన్నెండున్నరకు భోజనాలు. ఒంటిగంటకు నలుగురూ చెప్పులు తొడుక్కుని గుమ్మంలో. ఒంటిగంటా ఇరవైకి బస్సు. రెండుంబావుకు సర్కస్ గుడారం. మూడింటికి ఆట. ఆరింటికి ఇంటికొచ్చి టీ. అడుగున ఎర్రసిరాతో "ఈసారి ఖాయం" అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

అతని భార్య ఆ కాగితం వైపు ఒకసారి చూసి, పొంగబోతున్న పాలు దించింది. "ఈసారి ఖాయం" అన్న మాట ఆమె వినడం ఇది నాలుగోసారి. పిల్లను సర్కస్‌కు తీసుకెళ్తానన్న మొదటి ఆదివారం ఎవరో పెద్దమనిషి పదకొండో అంతస్తు దగ్గర లిఫ్టులో ఇరుక్కున్నాడు. రెండో ఆదివారం ఒక సోఫా, దాన్ని మోస్తున్న ఇద్దరు మనుషులు ఇరుక్కున్నారు. మూడో ఆదివారం ఎవరూ ఇరుక్కోలేదు గానీ, ఇరుక్కుంటానేమోనని భయంగా ఉందంటూ ఒక ముసలావిడ ఫోను చేసింది. మూడుసార్లూ మెకానిక్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని పరిగెత్తాడు. నిజానికి ఆ లిఫ్టులున్న వీధిలోనే కంపెనీకి ఇంకో మెకానిక్ ఉన్నాడు. అతను ఆదివారం రానంటాడు. ఇతను రానని ఎప్పుడూ అనలేదు. అందుకని అందరూ ఇతనికే ఫోను చేస్తారు.

ఈ ఆదివారం దాటితే సర్కస్ గుడారం విప్పేసి ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రిని అడగడం మానేసింది. బళ్ళో స్నేహితురాళ్ళు "నువ్వెప్పుడు వెళ్తున్నావు?" అంటే, "మాకు సర్కస్ అంత ఇష్టం లేదు" అని చెప్పుకుంటోంది. ఆ సంగతి భార్య నోట విన్న రాత్రి మెకానిక్‌కు అన్నం సయించలేదు. మర్నాడే ఫోనులో నాలుగు సీట్లు చెప్పేశాడు. తనే మాట్లాడాడు, ఆ దేశపు భాషలోనే.

ఆ భాష గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ కుటుంబం ఆ దేశం వచ్చి రెండేళ్ళయింది. మెకానిక్ ఆరు నెలలు సాయంత్రం క్లాసులకు వెళ్ళి భాష నేర్చుకుని, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి హాల్లో తగిలించాడు. అప్పట్నించి ఇంటి తరఫున మాట్లాడే బాధ్యత తనదే అయింది. అతని భార్య బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకు ఆ భాషలో పొట్టి, పొడుగు, బిగుతు, వదులు, బొత్తాం, జిప్పు లాంటి మాటలూ, ఖాతాదారులతో రోజూ అనే నాలుగైదు వాక్యాలూ మాత్రమే తెలుసు. అవి మాత్రం అక్కడ పుట్టి పెరిగినదానిలా అంటుంది. ఇంట్లో అందరికంటే బాగా భాష వచ్చింది పిల్లకు. కానీ, "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదు" అని తండ్రి కట్టడి.

నాలుగో మనిషి మెకానిక్ తల్లి. మూడు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చింది. కంట్లో శుక్లాలు తీయించుకుని ఎంతో కాలం కాలేదు కాబట్టి, సగం ముఖం కప్పేసే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతోంది.

ఒంటిగంటకు నలుగురూ గుమ్మంలోకి వచ్చారు. అత్తగారు సర్కస్‌కు కదా అని చిలకపచ్చ పట్టుచీర తీసి కట్టింది. పిల్ల ఒంటిమీద తళతళలాడే గౌను ఉంది. దుకాణంలో మిగిలిపోయిన మెరుపుల గుడ్డ ముక్కలన్నీ కలిపి తల్లి కుట్టింది అది. తల్లేమో పొద్దున అంచు సరిచేస్తూ మెడలో వేసుకున్న కొలతల టేపు తీయడం మరిచిపోయింది. మెకానిక్ భుజాన పనిముట్ల సంచి వేలాడుతోంది.

"ఆ సంచెందుకండీ?" అంది భార్య.

"ఉండనీవోయ్. నీకేమన్నా బరువా?"

"ఫోను కూడానా?"

"ఫోను లేకుండా ఎలా? సీట్లు దాంతోనేగా చెప్పాను."

"లిఫ్టులు కూడా దాంతోనే పిలుస్తాయి," అని ఆమె తలుపుకు తాళం వేసింది.

సర్కస్ గుడారం బస్సు డిపో పక్కనున్న ఖాళీ స్థలంలో వేశారు. ముందురోజు వానకు నేలంతా బురద. నడవడానికి చెక్కలు పరిచారు. జనరేటరు రొద, రంపపుపొట్టు వాసన, అప్పుడే మొదలైన బాజా. పెద్ద గేటు దగ్గర వరస పాములా మెలికలు తిరిగి రోడ్డు దాకా వచ్చింది. పక్కన ఇంకో చిన్న గేటు ఉంది. అక్కడ టోపీ పెట్టుకున్న కాపలాదారు ఒక్కడే స్టూలు మీద కూర్చున్నాడు.

"ముందే ఫోను చేసినవాళ్ళకి ఇదే అయ్యుంటుంది," అని మెకానిక్ అటు నడిచాడు. బస్సులో ఇరవై నిమిషాలపాటు పెదవులు కదుపుతూ సాధన చేసిన వాక్యం సిద్ధంగా ఉంది.

ఆ భాషలో "చూడటానికి" అన్న మాటకూ "చూపించడానికి" అన్న మాటకూ తేడా చివర్న ఒక్క చిన్న పలుకే. సాయంత్రం క్లాసులో పంతులమ్మ దాన్ని గురించి ఏడుసార్లు హెచ్చరించింది. మెకానిక్‌కు ఆ హెచ్చరిక బాగా గుర్తుంది. ఏ మాటకు ఏ పలుకన్నదే గుర్తులేదు.

"నమస్కారం. మేం నలుగురం సర్కస్ చూపించడానికి వచ్చాం," అన్నాడు గొంతు సవరించుకుని.

కాపలాదారు తలెత్తాడు. చిలకపచ్చ పట్టులో నల్ల కళ్ళద్దాల పెద్దావిడ కనిపించింది. మెడలో టేపు వేలాడేసుకున్న ఇల్లాలు కనిపించింది. తళతళలాడే పిల్ల, పానాలు గలగలలాడే సంచితో మీసాల మనిషి కనిపించారు. అతను గబుక్కున లేచి టోపీ తీసి, "రండి, రండి, మీకోసమే కాచుక్కూర్చున్నారు!" అంటూ గుడారం వెనక్కి దారి తీశాడు.

"చూశావా? ముందే చెప్పుకుంటే ఎంత మర్యాదో!" అన్నాడు మెకానిక్ భార్యతో.

"నాన్నా, నువ్వు అన్నది చూడ్డానికి కాదు..." అని పిల్ల మొదలుపెట్టింది.

"చిట్టీ! పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఏం చెప్పాను?"

పిల్ల తండ్రి వెనకే నడిచింది.

గుడారం వెనక ఎర్రకోటు వేసుకున్న మేనేజరమ్మ గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతోంది. ఆ రోజు కొత్త ఆట ఒకటి ఉందని ఊరంతా కాగితాలు అంటించింది. వేరే దేశంనుంచి కత్తులు విసిరే కుటుంబం వస్తోంది. వాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదు. "నలుగురు. ఒక పెద్దావిడ, భార్యాభర్తలు, ఒక ఆడపిల్ల. కత్తులు విసిరేది భార్య" అని ఏజెంటు చెప్పిన మాటే ఆధారం. ఆట మొదలవడానికి అరగంట ఉందనగా వాళ్ళ జాడ లేదు. అలాంటి సమయంలో కాపలాదారు వెంట ఈ నలుగురూ చెక్కల మీద తూలుకుంటూ వస్తుంటే, ఆవిడ ఎదురెళ్ళి పెద్దావిడను గట్టిగా కావలించుకుంది.

"ఎవర్రా ఈ అమ్మాయి? మనకు చుట్టమా?" అంది అత్తగారు ఊపిరాడక.

"కాదమ్మా. ఇక్కడ ప్రేక్షకుల్ని ఇలాగే పలకరిస్తారు."

మేనేజరు పుస్తకం తెరిచి, "కత్తులు ఎవరివి?" అని అడిగింది. ఆ భాషలో కత్తికీ కత్తెరకూ ఒకటే మాట. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మెకానిక్‌కు తెలిసిన సందర్భం భార్య ఉద్యోగం ఒక్కటే. ఈవిడకు మా ఆవిడ పని సంగతి ఎలా తెలిసిందా అని ఒక్క క్షణం విస్తుపోయి, భార్య మెడలోని టేపు చూసి సమాధానపడ్డాడు.

"మా ఆవిడవి. పదకొండేళ్ళ అనుభవం."

"వెంట తెచ్చారా?"

"అబ్బే, ఆదివారం వాటిని ముట్టుకోదు."

మేనేజరు తల పట్టుకుంది. "సరే, మా దగ్గరున్నవి ఇస్తాం. ఎప్పుడైనా గురి తప్పిందా?"

గురి అన్న మాట సాయంత్రం క్లాసుల్లో రాలేదు. తప్పు అన్న మాట వచ్చింది. దాన్ని పట్టుకుని మెకానిక్ దుకాణంలో ఎప్పుడో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాడు. ఒక పెద్దమనిషి ప్యాంటును ఆమె ఒక కాలు పొట్టిగా కత్తిరించేసింది. అయితే ప్యాంటును ఏమంటారో సమయానికి గుర్తురాలేదు. ఆ మాట వదిలేసి మిగతాది చెప్పాడు.

"ఒకే ఒక్కసారి. ఒక పెద్దమనిషికి ఒక కాలు పొట్టిగా కోసేసింది."

మేనేజరు చేతిలోని పెన్ను ఆగిపోయింది. "ఆయన... ఇప్పుడెలా ఉన్నారు?"

"చాలా మంచివాడు. ఏమీ అనలేదు. రెండోది కూడా అంతే పొట్టి చేయించుకుని వెళ్ళిపోయాడు."

మేనేజరు అతని ముఖంలోకి కాసేపు రెప్పవేయకుండా చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. కత్తులాటవాళ్ళు ఇలాంటి పరాచికాలు ఆడతారని ఆవిడ వినే ఉంది. నవ్వు తుడుచుకుని ఆఖరి ప్రశ్న వేసింది. "బల్ల ముందు ఎవరు నిలబడతారు?"

మెకానిక్‌కు "ముందు" అన్న ముక్క స్పష్టంగా వినపడింది. ముందు వరస సంగతి కాబోలనుకున్నాడు.

"నేనే. మా ఇంట్లో అన్నిటికీ నేనే ముందు."

"ధైర్యవంతులు," అని మేనేజరు అతని భుజం తట్టింది.

"నాన్నా, ఆవిడ అడిగింది..."

"చిట్టీ, ఇది రెండోసారి!"

అత్తగారు కొడుకు చొక్కా పట్టి లాగింది. "ఏమంటుందిరా?"

"మనకి ముందు వరస ఇస్తానంటోందమ్మా."

"ఇంతసేపు మాట్లాడితే అంతేనా?"

"ఈ భాషే అంత. కాస్త పొడుగు."

వాళ్ళను దుస్తులు మార్చుకునే గదిలోకి పంపారు. గోడ పొడవునా అద్దాలు, వాటి చుట్టూ బల్బులు, మేకులకు రంగురంగుల కోట్లు. అక్కడున్న అలంకరణ ఆవిడ మెకానిక్‌కు ఒక తెల్ల అంగీ తొడిగింది. దాని మీద గుండె చుట్టూ ఒకదాంట్లో ఒకటి ఎర్రని చక్రాలున్నాయి. అతను అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "బాగుంది. ముందు వరసవాళ్ళకి గుర్తు కాబోలు," అని బయటికి నడిచాడు. మొగుడు గుమ్మం దాటాక భార్య ఒక స్టూలు మీద కూలబడింది. ఆమెకు నీలిరంగు పూసల కోటు వేశారు. సర్కస్ చూడ్డానికి వచ్చినవాళ్ళకు కోటెందుకన్నది ఆమెకు పొద్దుట్నించి తలనొప్పిగా ఉన్న సంగతుల్లో కొత్తగా చేరింది.

పిల్ల దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "అమ్మా, నీకో విషయం చెప్తాను, అరవకూడదు. మనమే సర్కస్‌వాళ్ళమనుకుంటున్నారు."

"ఎవరూ?"

"అందరూ. నాన్నని బల్లకి కట్టేస్తారట. నువ్వు కత్తులు విసరాలట."

ఆమె అరవలేదు. అరిచే ఓపిక కూడా లేక పిల్ల ముఖంలోకి చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"గేటు దగ్గరే."

"అప్పుడే చెప్పొచ్చు కదే!"

"చెప్పబోతే నాన్న ఊరుకోమన్నాడు. ఇంకోసారి చెప్పబోయా. మళ్ళీ ఊరుకోమన్నాడు. మూడోసారి నాకే చెప్పబుద్ధి కాలేదు."

"ఇప్పుడు నడు. ఆ ఎర్రకోటావిడకి ఉన్నదున్నట్టు చెప్పు."

పిల్ల కదల్లేదు. కాళ్ళవైపు చూస్తూ, "చెప్తే పంపించేస్తారమ్మా. మళ్ళీ ఇంటికెళ్ళిపోవాలి. ఇంతదూరం వచ్చాం. నేను చెప్పను," అంది.

తల్లి ఇక పిల్లను బలవంతం చేయలేదు. తనే లేచి వెళ్ళి మేనేజరు దారికి అడ్డం నిలబడింది. రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, మొగుడి సాయం లేకుండా బయటి మనిషితో బట్టలు కాని విషయం మాట్లాడబోయింది. "మేము... కాదు," అంది. ఆ తర్వాత మాట దొరకలేదు. వేళ్ళతో తన ఛాతీని చూపించుకుంటూ, తనకొచ్చిన మాటల్లో దగ్గరగా ఉన్నదాన్ని ఏరుకుంది. "ఇది బిగుతు. చాలా బిగుతు. వదలండి!"

మేనేజరు "అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని, కేకేసి, ఇంతకంటే రెండు సైజులు పెద్ద కోటు తెప్పించి తనే తొడిగింది. అంతలో బయట డప్పు మోగింది. తెర లేచింది. ఎవరో వెనకనించి సుతారంగా ఒక తోపు తోశారు.

లోపల ఆరువందల మంది ఉన్నారు. వెలుతురు కళ్ళలో పడి ఆమెకు మొదట ఏమీ కనిపించలేదు. కాస్త తేరుకుని చూసేసరికి, గుండ్రటి ఆటస్థలం నడుమ అత్తగారు ఎర్ర కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునుంది. నిలువెత్తు చెక్కబల్లకు వీపు ఆనించి మొగుడు నిలబడి ఉన్నాడు. ఇద్దరు మనుషులు అతని చేతులకూ నడుముకూ తోలు పట్టీలు బిగిస్తున్నారు. అతను వాళ్ళకు సహకరిస్తున్నాడు.

"ఎడమది వదులుగా ఉంది. ఇంకో రంధ్రం బిగించండి," అంటున్నాడు వాళ్ళతో. భార్యను చూసి, "చూశావుటోయ్, సీటుకి బెల్టు! భద్రతంటే ఇదీ. మా కంపెనీవాళ్ళు చూసి నేర్చుకోవాలి," అన్నాడు. మళ్ళీ ఎదురుగా చూసి, కాస్త అనుమానంగా, "కానీ మన సీట్లు జనంవైపు తిరిగున్నాయేమిటీ?" అన్నాడు.

"ఏవండీ, మీరు మాట్లాడకుండా ఆ పట్టీలు విప్పమని చెప్పండి. మనల్ని కత్తులాటవాళ్ళనుకుంటున్నారు. మిమ్మల్ని కట్టేసింది నేను పొడవడానికి!"

"ఛ, ఏం మాటలవి? నేను అంత స్పష్టంగా చెప్పాను గదా..."

అప్పుడొకతను వచ్చి ఆమె చేతిలో పళ్ళెం పెట్టాడు. పళ్ళెంలో ఏడు కత్తులు తళుక్కుమన్నాయి. ఒకటి తీసి ఆమె కుడిచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మెకానిక్ ముఖంలో రంగు మారింది. సాయంత్రం క్లాసు పంతులమ్మ గొంతు ఏడుసార్లూ ఒకేసారి చెవిలో వినబడి ఉంటుంది. నోరు తెరిచాడు గానీ ఏ భాషా రాలేదు.

బాజా ఆగింది. ఆరువందల మంది ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో మెకానిక్ అంగీ జేబులో ఫోను మోగింది.

"ఆఫీసు!" అన్నాడతను. చేతులు కదలవు. పట్టీలు తను చెప్పినట్టే బిగించారు. గడ్డంతో జేబువైపు సైగ చేస్తూ, "ఎత్తవోయ్! ఎవరో ఇరుక్కున్నట్టున్నారు. వస్తున్నానని చెప్పు," అన్నాడు.

ఆమెకు పొద్దుట్నించీ, బహుశా రెండేళ్ళనించీ గొంతులో నిలిచినదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"ఎత్తనండీ! ఎత్తను! ఇరుక్కున్నది మీరు! కళ్ళు తెరిచి చూసుకోండి!" అంటూ నాలుగడుగులు ముందుకేసింది. చేతిలో కత్తి ఉందన్న సంగతి ఆమెకు గుర్తులేదు. "మొదటి ఆదివారం పదకొండో అంతస్తు!" అని చెయ్యి విసిరింది. డప్పుల మనిషి ఢమ్మని ఒక దెబ్బ వేశాడు. "రెండో ఆదివారం సోఫా!" ఢమ్. "మూడో ఆదివారం ఏమీ లేదు, ఉత్త భయం! ఎవరో ముసలమ్మ భయం తీర్చడానికి మీరు పరిగెత్తారు. ఇక్కడ మన పిల్ల చెప్పులేసుకుని సాయంత్రందాకా గుమ్మంలో కూర్చుంది. దాని సంగతి ఎవరికి కావాలి? ఊళ్ళోవాళ్ళందర్నీ పైకీ కిందికీ మోస్తారు, ఇంట్లో ముగ్గుర్ని ఒక్క బస్సు దూరానికి తీసుకెళ్ళలేరు!" ఢమ్, ఢమ్.

"ఏమోయ్, జనం చూస్తున్నారు..."

"చూడనివ్వండి! వాళ్ళు చూడ్డానికే వచ్చారు. వాళ్ళకైనా ఆ యోగం ఉంది!" మొదటి వరసలో ఎవరో నవ్వారు. నవ్వు వెనక వరసలకు పాకింది. "రెండేళ్ళనించి నేను నోరు విప్పితే తప్పంటారు. పిల్ల విప్పితే పెద్దల మధ్య రాకూడదంటారు. మీరు విప్పారుగా! ఎక్కడికి తెచ్చారో చూడండి!"

ఎర్రకుర్చీలో అత్తగారు లేచి నిలబడి, నల్ల కళ్ళద్దాలు సర్దుకుంది. "అమ్మాయ్, ముందా కత్తి కింద పారెయ్. తిట్టడం ఆపమనడం లేదు."

కోడలు ఉలిక్కిపడి చేతివైపు చూసుకుంది. చీదరగా కత్తిని నేలకు విసిరికొట్టింది. అది పోయి నేలమీది చెక్కలో నిటారుగా దిగబడి కాసేపు ఊగింది. ఆరువందల మంది "ఓ..." అన్నారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా అక్కడి ఆడవాళ్ళంతా అప్పటికి ఏ మాట ఎందుకన్నదో పోల్చుకున్నట్టే ఉన్నారు. మూడో వరసలో ఒకావిడ తన భర్తను మోచేత్తో పొడిచి వేలు చూపించింది.

ఫోను ఇంకా మోగుతోంది. ఆమె విసురుగా వెళ్ళి మొగుడి జేబులోంచి దాన్ని లాగి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్నారు. ఆమె రెండు క్షణాలు విని, దుకాణం ఖాతాదారులు ఆదివారాలు ఇంటికి చేసే ఫోన్లకు అలవాటైన వాక్యాన్ని, అలవాటైన గొంతుతో, ఆ దేశపు భాషలో ఒక్క పొల్లు తప్పకుండా అనేసింది.

"క్షమించండి, ఈ రోజు సెలవు. రేపు తొమ్మిదింటి తర్వాత రండి."

ఫోను పెట్టేసింది.

అప్పటిదాకా జరిగినదంతా ఊహించుకుంటూ వచ్చిన జనానికి అర్థమైన మొదటి వాక్యం అది. గుడారం కప్పు ఎగిరిపోతుందేమోనన్నంత నవ్వు లేచింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆ చప్పట్ల మధ్యలోకి తెర వెనకనుంచి పిల్ల పరిగెత్తుకొచ్చి వరసగా మూడు పిల్లిమొగ్గలు వేసింది. మూడోది సరిగ్గా రాక రంపపుపొట్టులో కూర్చుండిపోయింది. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు పడ్డాయి. అత్తగారు నాలుగు దిక్కులా తిరిగి నమస్కారాలు పెట్టింది. మెకానిక్ మాత్రం నమస్కారం పెట్టే స్థితిలో లేడు. అతన్ని బల్లతో సహా చక్రాల మీద దొర్లించుకుంటూ లోపలికి తీసుకుపోయారు.

ఎడమ పట్టీ ఎంత బిగుసుకుందంటే చేత్తో రాలేదు. అతని సంచిలోంచే ఒక పానా తీసి ఊడదీయాల్సొచ్చింది. చెయ్యి బయటపడగానే అతను ఫోను అందుకున్నాడు.

"ఉద్యోగం పోయిందనుకో," అన్నాడు నీరసంగా. "రెండేళ్ళలో ఒక్కసారి కూడా రానని అనలేదు."

ఆఫీసునుంచి ఒక సందేశం వచ్చి ఉంది. అతను దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత, ఆ దేశం వచ్చాక మొదటిసారి, ఫోను పిల్ల చేతికిచ్చాడు. "చిట్టీ, ఇది సరిగ్గానే చదివానా?"

పిల్ల చదివింది. "సరే, ఆ వీధిలోనే ఉన్న ఆయన్ని పంపించాం, మీరు హాయిగా సెలవు గడపండి అని రాశారు నాన్నా. అంతే."

"అంతేనా?"

"చివర్న నవ్వుతున్న బొమ్మ కూడా ఉంది."

మెకానిక్ గుండెమీది ఎర్ర చక్రాలవైపు చూసుకుంటూ ఒక స్టూలు మీద కూర్చున్నాడు. భార్య అతనికి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. కోపం పూర్తిగా పోలేదు గానీ, ఇంత పెద్ద కోటులో కోపంగా కూర్చోవడం కూడా సులువు కాలేదు. మేనేజరు వాళ్ళకోసం తెర పక్కనే ఒక బెంచీ వేయించింది. మిగతా సర్కసంతా ఆ నలుగురూ వెనకనుంచి చూశారు. ఊయలలవాళ్ళు గాలిలోకి వెళ్ళేముందు చేతులకు పొడి రాసుకోవడం, దిగాక ఆయాసపడుతూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం, జోకరు లోపలికి రాగానే ముక్కు తీసి జేబులో వేసుకోవడం, అన్నీ కనిపించాయి. పిల్ల తండ్రి ఒళ్ళోకెక్కి ఏం జరుగుతోందో ఒక్కొక్కటీ చెప్పింది. అతను మధ్యలో రాలేదు.

ఆట అయిపోయి జనం వెళ్ళిపోతుండగా అసలు సంగతి బయటపడింది. మొదటి వరసలో మెకానిక్ ఫోను చేసి చెప్పిన నాలుగు సీట్లలో, ఒక గుబురుమీసాలాయన, ఆయన భార్య, ఒక ముసలావిడ, ఒక ఆడపిల్ల కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర పెద్ద తోలుపెట్టె ఉంది. జనమంతా పోయినా వాళ్ళు లేవలేదు. తమను ఎప్పుడు పిలుస్తారా అని మూడింటినుంచి ఎదురుచూస్తున్నారు. ఆయన కూడా పరాయి దేశం మనిషే. ఆ భాష ఆయనకూ కొత్తే. పెద్దగేటు దగ్గర, "మేం నలుగురం సర్కస్ చూడటానికి వచ్చాం," అని చెప్పాడట. గేటులోని మనిషి తన జాబితాలో నలుగురు విదేశీయులని చూసి, మర్యాదగా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

మేనేజరు ఈ నలుగుర్నీ ఆ నలుగుర్నీ మార్చి మార్చి చూసి, ఎర్రకోటు విప్పి కుర్చీలో కూలబడింది.

మీసాలాయన మాత్రం కోపంగా లేడు. లేచొచ్చి మెకానిక్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఆ భాషలో ముక్కలు ముక్కలుగా, ఎంతో శ్రద్ధగా ఏదో చెప్పాడు. వెనక వాళ్ళ ముసలావిడ కూడా తలూపింది.

"మనం చాలా బాగా చేశామంటున్నాడు," అన్నాడు మెకానిక్ అలవాటు కొద్దీ. వెంటనే నాలిక్కరుచుకుని పిల్లవైపు తిరిగాడు. "అంతేనామ్మా?"

"కాదు నాన్నా. మళ్ళీ ఎప్పుడు పోట్లాడుకుంటారని అడుగుతున్నాడు. వాళ్ళమ్మకి ఇంకోసారి చూడాలనుందట."

మెకానిక్ భార్య పూసల కోటు విప్పి, మడతపెట్టి, బెంచీ మీద ఉంచింది.

"ఇల్లు చేరగానే అని చెప్పు."